వెనక నుంచి పిలిస్తే

మా ఊళ్లో నన్ను ఇప్పటికీ బొంబాయి కోడలు అంటారు. పెళ్లయి ఇరవై రెండేళ్లు నిండేదాకా ఆ బొంబాయి కోడలు బొంబాయి ముఖం చూడలేదు. మేముండేది భివండిలో. శాంతి నగర్‌లో కింద మగ్గాల కార్ఖానా, పైన మా ఖోలీ, ఒంటి గది. కళ్యాణ్ పోయి రైలెక్కితే ముంబై ఎంతో దూరం కాదు. ఊరికి పోయినప్పుడల్లా సముద్రం ఎట్లుంటుందే అని మా అమ్మ అడిగేది. నేను టీవీలో చూసింది కళ్లారా చూసినట్టు చెప్పేదాన్ని. ఒకసారి మరీ ఊపు వచ్చి, చలికాలంలో నీళ్లు గోరువెచ్చగా ఉంటాయని కూడా చెప్పాను. ఎవరు వచ్చి చూడబోయారు?

పోవద్దని ఎవరూ అనలేదు. పోవడానికి ఒంట్లో ఓపిక ఉండాలి కదా. మా ఆయన ఎనిమిది మగ్గాలు నడిపేవాడు. ఒక వారం పగటి పాళీ, ఒక వారం రాత్రి పాళీ, ఏ పాళీ అయినా పన్నెండు గంటలు నిలువు కాళ్ల మీద. నేను ఇంట్లో కూర్చుని మిషన్ మీద కండెలు చుట్టేదాన్ని. కండె అంటే మగ్గంలో అటూ ఇటూ ఉరికే షటిల్ పొట్టలో పెట్టే దారపు చుట్ట. గంపెడు చుట్టి కిందికి పంపితే, గంపతోపాటు ఇంకా కావాలన్న కబురు కూడా పైకి వచ్చేది. శుక్రవారం కార్ఖానాకు చుట్టీ, అంటే సెలవు. ఆ రోజు ఆయన తిని పడుకుంటే పొద్దు గూకేదాకా లేచేవాడు కాదు. నేను వారం బట్టలు ఉతికి, తలకు పోసుకుని, గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. ఆ టైములో ఎవరైనా ముంబై పోదామా అని అడిగి ఉంటే కొట్టేదాన్నేమో.

నాలుగేళ్ల కింద ఒక డిసెంబరులో మాత్రం అన్నీ వాటంతట అవే కుదిరాయి. గురువారం ట్రాన్స్‌ఫార్మర్ పని ఉందని కరెంటు బందు అన్నారు. శుక్రవారం ఎట్లాగూ చుట్టీ. అప్పుడు మా అమ్మాయి మరాఠీ బడిలో పదో తరగతి, దానికి క్రిస్మస్ సెలవులు. వీటన్నిటికంటే పెద్ద సంగతి, శనివారం నుంచి మా ఆయన జాబరు కాబోతున్నాడు.

జాబరు అంటే మగ్గాలకు వైద్యుడు. మగ్గం మొరాయిస్తే వచ్చి కాసేపు చెవి ఒగ్గి వింటాడు. ఏ బోల్టు వదులైందో, ఏ కట్టె అరిగిందో చప్పుడును బట్టే చెప్పేస్తాడు. ఆయనకు పగటి పాళీ ఒక్కటే. నేసిన మీటర్ల లెక్కన కూలీ కాదు, నెల పగారు. కూర్చోవడానికి ఒక స్టూలు కూడా ఉంటుంది. మా ఆయనకు పగారు మీద కంటే ఆ స్టూలు మీద ఎక్కువ ఆశ. ఆ చలికాలం ఆయన మోకాళ్లు కుండల్లా వాచాయి. మెట్టు మెట్టుకూ రెండు కాళ్లు పెట్టి, గోడ పట్టుకుని పైకి వచ్చేవాడు. ఇట్లాగే నిలబడితే ఇంకో రెండేళ్లకు మంచం దిగవని డాక్టరు మొహం మీదే చెప్పాడు. ఊరికి తిరిగి పోదామంటే అక్కడ మాకు గోరంత చెలక కూడా లేదు. కార్ఖానా సేటు మా జిల్లావాడే, వాళ్ల తాతల కాలంలోనే వచ్చి మగ్గాలు పెట్టుకున్నారు. పాత జాబరు ముసలితనానికి ఊరికి వెళ్లిపోతుంటే, ఆ స్టూలు నీకే అని సేటు మా ఆయనతో అన్నాడు. ఆ పని వస్తే మేము నిలబడతాం, రాకపోతే ఏం చేస్తామో ఆలోచించడానికి కూడా భయమేసేది.

ఆ సంబరంలోనే సేటు ఒక చీటీ రాసిచ్చాడు. వర్లీలో తెలుగువాళ్ల సమాజం గదులు ఉన్నాయి. ఊళ్ల నుంచి పెద్దాసుపత్రికి వచ్చే రోగులు, వాళ్ల మనుషులు వాటిలో దిగుతారు. చీటీ చూపిస్తే ఒక రాత్రికి మాకూ ఒక గది ఇస్తారు. మా అమ్మాయి ఫోనులో చూసి, ఏ రైలు ఎక్కాలో, ఏం చూడాలో ఒక కాగితం మీద రాసుకుంది. నేను జొన్నరొట్టెలు చేసి, ఎల్లిపాయ కారం నూరి, స్టీలు డబ్బాలో సర్దాను. రెండు రోజులు పండగ చేసుకోవడానికి ముందు రెండు రోజులు వంగి చాకిరీ చేయాలన్నది ఆడవాళ్లకు కొత్తేం కాదు.

ఇక్కడ మా గల్లీ అలవాటు ఒకటి చెప్పాలి. మా దగ్గర ఎవరూ ఎవరినీ వెనక నుంచి పిలవరు. బయలుదేరేవాళ్లను వెనక నుంచి పిలిస్తే అపశకునమని ఊళ్లో అంటారు, ఇక్కడ ఆ పట్టింపు కాదు, పిలిచినా వినపడదు. నూరు మగ్గాలు ఒక్కసారి కొట్టుకుంటుంటే గొంతు చించుకుని ఏం లాభం? భుజం తడతారు, లేదా తెగిన దారాలు ఉండ చేసి వీపు మీదికి విసురుతారు. అటువైపు మనిషి తిరిగాక గొంతు లేకుండా ఉట్టి పెదవులతో చెప్తారు. మా అమ్మాయి మాటలు నేర్చింది పెదవులు చూసే. కార్ఖానాకు చుట్టీ ఉన్న రోజు కూడా మా గల్లీ మనుషులు అరుచుకునే మాట్లాడతారు. అందరి ఇళ్లలోనూ టీవీ పెద్దగానే మోగుతుంది. ఎవరి చెవులు ఎంత బాగున్నాయో ఎవరికీ పట్టదు.

గురువారం పొద్దున్నే రిక్షాలో కళ్యాణ్ వెళ్లాం. చలి బాగానే ఉంది. మా ఆయన పెళ్లినాటి స్వెటర్ వేసుకున్నాడు, దానికి మోచేతుల దగ్గర వేరే రంగు ఊలుతో నేను అల్లిన అతుకులు ఉన్నాయి. ఆఫీసుల రద్దీ తగ్గాక ఎక్కాం కాబట్టి ముగ్గురికీ కూర్చోను చోటు దొరికింది. రైలు కదలగానే ఆ రొదలో అందరూ గొంతులు పెంచారు, మేము మాత్రం గొంతులు దించేశాం. మాకది మా కార్ఖానా లాగే ఉంది. ఎదురెదురుగా కూర్చుని పెదవులతో హాయిగా మాట్లాడుకుంటున్నాం. రొట్టె ఇప్పుడు తింటావా, దిగాక తింటావా, అంతకంటే ఏం లేదు. పక్కన ఒక మరాఠీ ముసలమ్మ చాలాసేపు చూసి, మా అమ్మాయి తల నిమిరి, ముగ్గురూ మూగవాళ్లేనా బిడ్డా అని అడిగింది. "నాహీ మావశీ, లూమ్‌వాలే" అన్నది మా పిల్ల, కాదు పిన్నీ, మగ్గాలవాళ్లం అని. ముసలమ్మకు ఏం అర్థమైందో గాని రెండు నారింజపండ్లు చేతిలో పెట్టింది. మేము ముగ్గురం ఠాణే దాటేదాకా నవ్వుకున్నాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నాకు సిగ్గేస్తుంది.

తర్వాత మా ఆయన నిద్రపోయాడు. చేతులు ఒళ్లో పెట్టుకుని, తల కిటికీ ఊచలకు ఆనించి. నడిచే బండిలో ఆయనకు చప్పున నిద్ర పడుతుంది. రైలు ఆగినప్పుడల్లా కళ్లు తెరిచి, మళ్లీ కదలగానే మూసేవాడు. మగ్గం ఆగితే లేచే అలవాటు అది.

దాదర్‌లో దిగి, బస్సు పట్టుకుని వర్లీ చేరాం. గది మూడో అంతస్తు. మా ఆయన ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చేసరికి నేను సంచులు లోపల పెట్టి, చీపురు వెతికి ఊడ్చేశాను. రెండు మంచాలు, ఒక కిటికీ, కిటికీ బయట బాదం చెట్టు. వెనక గల్లీ కాబట్టి బండ్లు రావు. తలుపు వేయగానే చెవుల్లో నీళ్లు పోయినట్టు అయింది నాకు. అంత నిశ్శబ్దంగా ఉన్న గదిలో నేను పెళ్లయిన తర్వాత ఎన్నడూ కూర్చోలేదు.

నిశ్శబ్దమైతే ఉంది గాని, అందులో ఎట్లా ఉండాలో మాకు తెలియదు. ముందు ఎవరు స్నానం చేయాలన్న దాని మీద మాట్లాడుకుంటున్నాం. రెండు నిమిషాలకే తలుపు తట్టి వాచ్‌మన్ లోపలికి తొంగి చూశాడు. పక్క గదిలో ఆపరేషన్ అయిన మనిషి పడుకుని ఉన్నాడట, మొగుడూ పెళ్లాల కొట్లాట ఉంటే కిందికి పోయి పెట్టుకోమన్నాడు. మేము కొట్లాడుకోవడం లేదని చెప్పబోయాను, అది కూడా అరుపులాగే వచ్చింది. మా అమ్మాయి సిగ్గుతో దుప్పటి ముసుగు తన్ని పడుకుంది. మా ఆయన కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు. నేను తప్పు చేసిన బడిపిల్లలాగా బకెట్టు చప్పుడు కాకుండా మోసుకుని స్నానాలగదిలోకి వెళ్లాను.

బయటికి వచ్చాక చూస్తే సంచి ఆయన కాళ్ల దగ్గరే ఉంది. దువ్వెన అందులో ఉంది. పక్క గది మనిషి గుర్తొచ్చి, ఇగో ఆ దువ్వెన ఇయ్యి అని మెల్లగా అడిగాను. ఆయన అటే తిరిగి ఉన్నాడు, పలకలేదు. వాచ్‌మన్ మాటకు అలిగాడేమో అనుకున్నాను. ఇంకోసారి కాస్త పెద్దగా అడిగాను. ఉలుకు లేదు, పలుకు లేదు. నాకు ఒళ్లు మండింది. ఒక్క పూట చుట్టీకి వస్తే దాంట్లో కూడా మొగుణ్ని బతిమాలుకోవాలా?

కోపంతో రొట్టెల డబ్బా జరిపితే మూత జారి బండల మీద పడింది. స్టీలు మూత గదంతా గింగిరాలు తిరుగుతూ మోగింది. దుప్పటి కింద మా అమ్మాయి కాలు కదిలింది. మా ఆయన మాత్రం కిటికీ ఊచ పట్టుకుని బాదం చెట్టును చూస్తున్నాడు.

అప్పుడు నా కోపం ఎటో పోయింది. ఆయన వెనక రెండడుగుల దూరంలో నిలబడి ఇగో అని పిలిచాను. ఇగో, నిన్నే అన్నాను. తర్వాత ఏం చేశానో ఎవరికీ చెప్పలేదు. ఆయన్ని పేరు పెట్టి పిలిచాను.

పెళ్లయిన నాటి నుంచి ఆ పేరు నా నోట రాలేదు. రేషను దుకాణంలో అడిగినా, ఆసుపత్రిలో అడిగినా పక్కవాళ్లతో చెప్పించేదాన్ని, ఎవరూ లేకపోతే కాగితం మీద రాసి చూపించేదాన్ని. మొగుడి పేరు నోటితో పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని మా అమ్మమ్మ చెప్పింది. దాన్ని నేను నమ్ముతానని కాదు, నమ్మనని చెప్పే ధైర్యమూ లేదు. ఆ రోజు మొదట మెల్లగా పిలిచాను. రెండోసారి వాచ్‌మన్ వచ్చినా రానీ అని నిండు గొంతుతో పిలిచాను. కిటికీ గట్టు మీద కూర్చున్న పావురం లేచి ఎగిరింది. మా ఆయన ఆ పావురం ఎటు పోయిందో చూశాడు గాని, నావైపు తిరగలేదు.

మంచం మీద కూలబడ్డాను. నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపమే. ఆయన మీద, ఆ గల్లీ మీద, అంతకంటే నా మీద. ఒకే కప్పు కింద ఇన్నేళ్లు వండి పెడుతూ, మనిషి వినడం లేదన్న సంగతి తెలియకుండా ఎట్లా ఉన్నాను? తెలిసే దారి ఏముంది, మేము ఎప్పుడూ ఎదురెదురుగా నిలబడే కదా మాట్లాడుకున్నాం. ఆ వెనకే శనివారం గుర్తొచ్చింది. మగ్గాన్ని చెవితో చూడాల్సిన పనికి చెవులు లేని మనిషి పోబోతున్నాడు. సేటుకు తెలిసిన నాడు ఆ స్టూలు ఇంకొకరిది అవుతుంది. మా ఆయన మళ్లీ ఎనిమిది మగ్గాల మధ్య నిలబడాలి, ఆ మోకాళ్లతో.

లేచి భుజం తట్టాను. తిరిగి, నా మొహం చూసి, స్నానం అయిందా అన్నాడు. అయిందన్నాను.

సాయంత్రం సముద్రం చూడటానికి నడిచి వెళ్లాం. సముద్రం పెద్దగానే ఉంది. ఇరవై రెండేళ్లు ఎదురుచూసిన దాన్ని, దాని గురించి ఇంతకంటే చెప్పగలగాలి, కాని ఆ పొద్దు నేను చూసింది మా ఆయన చెవులను. ఒడ్డు వెంట పొడుగాటి గోడ, దాని మీద జంటలు, కుటుంబాలు, కుక్కలను తిప్పేవాళ్లు. అక్కడి జనం ఆ చలికే శాలువాలు కప్పుకుని మురిసిపోతున్నారు. మా అమ్మాయి ఫోటోలు తీసి, శనగలు తెస్తానని అటు వెళ్లింది. నేను ఆయన ఎదురుగా జరిగి, పక్కవాళ్లకు కూడా వినపడకుండా ఉట్టి పెదవులతో అడిగాను.

"ఎప్పటి సంది?"

ఏంది అని ఆయన అడగలేదు. నా మొహం వైపు చూసి, సముద్రం వైపు చూసి, మళ్లీ నావైపు తిరిగాడు.

"నిరుడు దీపావళికి ఎరకైంది. పటాకలు కాల్చిండ్రు గద. ఎలుగు కనవడ్డది, సప్పుడు రాలె."

ఒక దీపావళి పోయి ఇంకో దీపావళి కూడా పోయింది. ఆ రెండు పండగలకూ నేను చేసిన గారెలు తిని, ఉప్పు తక్కువైందని కూడా అన్నాడు. నాకెందుకు చెప్పలేదని అడిగాను. చెప్తే జాబరు పనికి పోనిస్తావా అన్నాడు. పోనివ్వను అన్నాను. మరి చూసినవా అన్నట్టు చేయి తిప్పాడు.

"మగ్గం ఎట్ల చూస్తవు మరి?"

ఆయన అరచేయి తీసి గోడ మీద పరిచాడు. అవతల అల వచ్చి రాళ్లకు కొట్టుకుంది. అల కొట్టిన ప్రతిసారీ ఆయన వేళ్లు గోడను ఇంకొంచెం గట్టిగా అదుముకున్నాయి.

"చెయ్యి పెడితె సగం తెలుస్తది" అన్నాడు.

మిగతా సగం సంగతేంది అన్నాను. మా అమ్మాయి శనగల పొట్లాలు పట్టుకుని వచ్చి, ఏమైంది మీకు, సముద్రం బాగలేదా అని అడిగింది. బాగుంది బిడ్డా, కాళ్లే నొస్తున్నాయి అన్నాను. ఆ మాట అబద్ధం కూడా కాదు.

మరునాడు పొద్దున మా అమ్మాయి రాసుకున్న కాగితం ప్రకారం రాణీబాగ్ జంతుశాలకు పోయి పెంగ్విన్‌లను చూశాం. అద్దం అవతల అవి చల్లటి నీళ్లలో మునిగి తేలుతున్నాయి. చూసేవాళ్లంతా అరుస్తున్నారు, ఆ అరుపులు వాటికి వినపడుతున్నాయో లేదో. మా ఆయన బయట బెంచీ మీద కూర్చుని మోకాళ్లు ఒత్తుకుంటున్నాడు. తిరిగినంతసేపూ నేను ఆయనకు ఒక అడుగు ముందే నడిచాను. వెనక నుంచి సైకిల్ గంట మోగినా, కారు హారన్ మోగినా నేనే ఆయన్ని పక్కకు లాగాను. ముందు రోజు దాకా ఇవే రోడ్ల మీద ఆయన ఎట్లా నడిచాడో, ఎవరు కాపాడారో నాకు అంతుపట్టలేదు. మధ్యాహ్నానికే నేను అలిసిపోయాను. చుట్టీకి పోయిన మనుషులు హుషారుగా తిరిగి వస్తారని వింటాను, అది ఎవరి సంగతో ఏమో.

సాయంత్రం దాదర్‌లో రైలెక్కేటప్పటికి ఆఫీసులు వదిలారు. జనం మమ్మల్ని ఎక్కించారు అంటే సరిపోతుంది, మేము ఎక్కలేదు. నేనూ మా అమ్మాయీ నడిమధ్య ఇరుక్కున్నాం, మా ఆయన తలుపు దగ్గరి జనంలో ఉండిపోయాడు. మా మధ్య పాతిక తలలు. ఎంత తోపులాటలో ఉన్నా మగ్గాలవాళ్లకు ఒక సుగుణం ఉంది, మొహం కనపడితే చాలు మాట కలుపుకుంటాం. ఆయన మునివేళ్ల మీద లేచి, జనం తలల మీదుగా నన్ను వెతికాడు. దొరకగానే పెదవులు కదిపాడు.

"ఏది వచ్చింది?"

స్టేషన్ బోర్డు ఆయనకు కనపడటం లేదు. రైలులో చెప్పే పేరు ఆయనకు వినపడదు. అంతకు ముందు అయితే ఊరుకునేవాడు, జనం దిగినచోట దిగేవాడు. మొదటిసారి నన్ను అడిగాడు. కుర్లా అన్నాను. ఘాట్కోపర్ అన్నాను. ఠాణే అన్నాను, డోంబివలీ అన్నాను. పక్కనున్న ఆడమనిషి నేను జపం చేసుకుంటున్నాననుకుంది కాబోలు, నాకు కాస్త జాగా ఇచ్చింది. ప్రతి పేరుకూ ఆయన తలూపాడు. ఆ మనిషి మీద జాలి, ప్రేమ నాకు ఆ రైలులో కలిగినంత ఎన్నడూ కలగలేదు. కోపం కూడా అట్లాగే ఉంది.

కళ్యాణ్‌లో దిగాక మా అమ్మాయి రిక్షా మాట్లాడటానికి ముందు పోయింది. నేను ఆయన్ని దీపం కిందికి లాగి, మొహం మీద వెలుగు పడేలా నిలబడ్డాను.

"రేపటి సంది కండెలు కిందనే చుడత, నీ పక్కకే. మిగిలిన సగం నేను వింట."

ఆయన చాలాసేపు నా పెదవులనే చూశాడు, ఇంకా ఏదైనా వస్తుందేమోనని.

"ఆడ కూసుంటె నీ చెవులు గూడ పోతయే" అన్నాడు.

ముందు నీ మోకాళ్ల సంగతి చూసుకో అన్నాను.

శనివారం సేటుతో నేనే మాట్లాడాను. పిల్ల పదో తరగతి, ఇంట్లో కండెల మిషన్ చప్పుడుకు చదువు సాగడం లేదు, మిషన్ కింద పెట్టుకోనియ్యి అన్నాను. సేటుకు పోయేదేముంది, సరే అన్నాడు. కింద మూలన, అన్ని మగ్గాలూ కనపడే చోట నా మిషన్ పెట్టించుకున్నాను. పైన ఖోలీలో వినే చప్పుడు వేరు, దాని మధ్య కూర్చుంటే వేరు. మొదటి వారం పళ్లు కూడా జివ్వుమనేవి. మగ్గం మొరాయిస్తే మా ఆయన పోయి దాని మీద చేయి పెట్టి, ఆలోచిస్తున్నట్టు తలెత్తి నావైపు చూసేవాడు. నేను కండె చుడుతూనే చెప్పేదాన్ని. ఎడమ పక్క టకటక తప్పుతోంది, షటిల్ పెట్టెకు కొట్టుకుంటోంది, లోపల ఏదో కీచుమంటోంది. మగ్గాల జబ్బులు నాకేం తెలుసు, వినపడింది చెప్పేదాన్ని. దాన్ని బట్టి ఏ బోల్టో ఆయన పట్టేవాడు. కొత్త జాబరు పాత జాబరు కంటే నయమని సేటు నలుగురి ముందు అన్నాడు. పని చేసేవాళ్లకు తెలుసో తెలియదో, ఎవరూ నోరు విప్పలేదు.

నాలుగేళ్లు అట్లా గడిచాయి. మా ఆయన స్టూలు మీద కూర్చుంటున్నాడు. వాపు తగ్గి, మెట్టుకు ఒక్క కాలు పెట్టి ఎక్కుతున్నాడు. మా అమ్మాయి కళ్యాణ్‌లో కాలేజీకి పోతోంది. నాకు ఆ రెండు రోజులు పనికొచ్చాయనే అనిపించేది.

మొన్న ఈ చలికాలంలోనే దాని కాలేజీకి పోవాల్సి వచ్చింది. తల్లో తండ్రో వచ్చి ఏదో కాగితం మీద సంతకం పెట్టాలన్నారు. పరీక్షలు నడుస్తున్నాయి. పొడుగాటి వరండా, అన్ని తలుపులూ దగ్గరికి వేసి ఉన్నాయి. పిల్ల ఎవరితోనో మాట్లాడుతూ వెనకబడింది, నేను ముందు నడిచాను. వరండా చివర మెట్ల దాకా పోయాక ఎవరో నా చేయి పట్టి లాగారు. చూస్తే అదే. రొప్పుతోంది.

మూడుసార్లు పిలిచాను అమ్మా అన్నది. పరీక్షలని మెల్లగా పిలిచి ఉంటావులే అన్నాను.

"మెల్లగ గాదు. లోపట రాసేటోళ్లు గూడ తలెత్తి సూసిండ్రు."

ఇక్కడ మెట్ల దగ్గర రొద ఎక్కువ అన్నాను. అది చుట్టూ చూసింది. నేనూ చూశాను. మెట్ల మీద ఎవరూ లేరు. అప్పుడు అది నా ఎదురుగా వచ్చి, కార్ఖానాలో నిలబడినట్టు నిలబడి, గొంతు లేకుండా ఉట్టి పెదవులతో చెప్పింది.

"ఆఖరుకు పేరు వెట్టి పిలిచిన."

వర్లీ గదిలో దుప్పటి కింద అది నిద్రపోలేదని నాకు అప్పుడు తెలిసింది. ఇన్నేళ్లూ అంతా తెలిసే ఊరుకుంది. దాని కళ్లలో నీళ్లు తిరిగాయి, కాని పెదవులు ఆగలేదు.

"సెలవులల్ల నేను కూసుంట కింద. నువ్వు పైకి పో. బాపుకు నేను..."

ఆ మాట పూర్తి కానివ్వలేదు. నా చేయి దాని నోటికి అడ్డం పెట్టాను, గట్టిగా. అరచేతి కింద దాని పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి.